తెర మీది పుస్తకము అందరి పుస్తకమేనా?

పాఠ్యపుస్తకాన్ని కంప్యూటరులోనికి ఎక్కించి ఇంటర్నెట్టులో ఉంచితే అది అందరికీ అందినట్లే అనే నమ్మకము ఒకటి బాగా వ్యాపించి ఉన్నది. కాగితము చాలలేదు, లారీ ఆలస్యమైనది, బడి తెరిచి నెల గడిచినా పుస్తకాలు రాలేదు అనే చిక్కులకు ఇది మంచి విరుగుడే. మన్యములోని విద్యార్థి, పట్నములోని విద్యార్థి ఒకే రోజున ఒకే పుటను తెరువగలరు. కాని వారి పక్కన చూపు లేని మూడవ విద్యార్థి ఒకడు కూర్చుండినట్లయితే, అతనికి ఆ పుట తెరుచుకొంటుందా? తెలుగులో వెలువడుతున్న డిజిటల్ పాఠ్యసామగ్రిని ఈ ప్రశ్నతో పరీక్షించి చూచినప్పుడు, లోపము విద్యార్థి కంటిలో కంటె పుస్తకము తయారైన తీరులోనే ఎక్కువగా ఉన్నట్లు తేలుతుంది.

చూపు లేనివారు కంప్యూటరును ఎట్లా ఉపయోగిస్తారో ముందుగా తెలుసుకొనవలెను. దీనికి స్క్రీన్ రీడర్ అనే సాధనము ఉన్నది. తెర మీద ఉన్న దానిని అది పైకి చదివి వినిపిస్తుంది. మౌస్ అవసరము లేదు; మీటలు నొక్కుతూ పేరా నుండి పేరాకు, శీర్షిక నుండి శీర్షికకు వెళ్ళవచ్చును. ఇటువంటి సాధనాలలో పేరు పొందిన జాస్ అనే దానిని, 1978లో కారు ప్రమాదములో చూపు పోగొట్టుకొన్న టెడ్ హెంటర్ అనే అమెరికా ఇంజనీరు 1989లో విడుదల చేసినాడు. దాని వెల సామాన్య విద్యార్థికి అందనిది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు మైకేల్ కరన్, జేమ్స్ తే ఎన్.వి.డి.ఎ. అనే మరొక స్క్రీన్ రీడర్‌ను ప్రారంభించి, దానిని ప్రపంచానికంతకూ ఉచితముగా ఇచ్చినారు. అది తెలుగును కూడ చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అనే సాధనము ఫోనుతోపాటే వస్తున్నది. యంత్రపు గొంతు కొంచెము కర్కశముగానే ఉంటుంది. అయినా అలవాటు పడినవారు సామాన్యులకు అర్థము కానంత వేగముతో దానిని వింటారు. కనుక సాధనము లేదనీ, ఉన్నా ఖరీదు ఎక్కువనీ చెప్పే కాలము గడిచిపోయినది.

అయితే ఈ సాధనానికి కళ్ళు లేవు. అది అక్షరపు ఆకృతిని చూడదు. ఆకృతి వెనుక నిలువ ఉన్న సంఖ్యను చదువుతుంది. కంప్యూటరులో ప్రతి అక్షరానికి ఒక సంఖ్య కేటాయింపబడి ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ అనే అంతర్జాతీయ ఏర్పాటులో తెలుగుకు 128 స్థానాలు లభించినవి. అందులో ‘క’ అనే అక్షరానికి సంఖ్య 3093. పొల్లుకు 3149. ‘ష’కు 3127. ఈ మూడూ వరుసగా వస్తే అది ‘క్ష’ అని ఏ దేశములోని ఏ కంప్యూటరుకైనా తెలుస్తుంది. ఫాంటు మారితే అక్షరపు అందము మారవచ్చును గాని సంఖ్య మారదు. స్క్రీన్ రీడర్‌కు ఈ సంఖ్యలే ప్రాణము.

తెలుగు పుస్తకాల విషయములో తాడు తెగినది ఇక్కడనే. 1990 ప్రాంతములో డి.టి.పి. కేంద్రాలు వెలసినప్పుడు, తెలుగు గుణింతాలను, వత్తులను యూనికోడ్ పద్ధతిలో కూర్చి చూపగల శక్తి అప్పటి కంప్యూటర్లకు లేదు. అందుచేత ఫాంటులు తయారు చేసినవారు ఒక ఉపాయము చేసినారు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉండే సంఖ్యలనే తీసుకొని, వాటి ముఖాలకు తెలుగు ఆకృతులను తగిలించినారు. కంటికి ‘కాంతి’ అని కనిపించే చోట కంప్యూటరు లోపల ఉండేది కొన్ని రోమన్ అక్షరాలు, విరామ చిహ్నాలు మాత్రమే. ఆనాటికి అది తెలివైన ఉపాయమే. వేల పుస్తకాలు, దినపత్రికలు దాని చలవతోనే అచ్చయినవి. దానిని నిందింపనక్కరలేదు. కాని 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి నాటికే యూనికోడ్ తెలుగును తెర మీద చూపే ఏర్పాటు వచ్చినది. అవసరము తీరిపోయి ఇరువది ఏండ్లు దాటినా ఆ ఉపాయము అలవాటుగా మిగిలిపోయినది. నేటికీ పాత ఫాంటులతో కూర్చిన తెలుగు పుస్తకాలు పి.డి.ఎఫ్. రూపములో వెలువడుతూనే ఉన్నవి. వాటిని స్క్రీన్ రీడర్‌కు అప్పగిస్తే, అది ఇంగ్లీషు అక్షరాలను, కామాలను, బ్రాకెట్లను ఏకబిగిని వల్లిస్తుంది. ఒక పాఠమంతా విన్నా ఒక్క తెలుగు మాట చెవిన పడదు. ఇంకొక రకము పుస్తకాలు ఉన్నవి: కాగితపు పుటలను ఫోటోలు తీసి కుట్టినవి. వీటిని విప్పినప్పుడు స్క్రీన్ రీడర్ మౌనము వహిస్తుంది. విద్యార్థికి ఈ రెండింటిలో ఏది మేలో చెప్పటము కష్టము.

ఈ లోపము చూపు ఉన్నవారిని కూడ బాధిస్తున్నదన్నది అంతగా గమనింపబడని విషయము. అటువంటి పుస్తకములో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని వెదికితే కంప్యూటరు ‘లేదు’ అంటుంది, ఆ మాట ఎదుటనే కనిపిస్తున్నప్పటికీ. అందులోని పేరాను వేరొక భాషలోనికి మార్చబోతే మారదు. ప్రశ్నపత్రము కోసము ఒక వాక్యమును అతికిస్తే చెత్త వస్తుంది. అక్షరాల పరిమాణము పెంచుకొని చదువుకొనే మందదృష్టి గల విద్యార్థికి, పుట మొత్తము పెద్దదై సగము తెర బయటికి పోతుంది. పంక్తులు తెర వెడల్పుకు తగినట్లు ఒదగవు.

వివిధ లిపులకు వెనుక ఒకే లెక్క ఉండవలెననే భావము భారతదేశానికి కొత్తది కాదు. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిలీ తన 15వ ఏట, 1824లో రూపొందించిన ఆరు చుక్కల లిపి ఈ దేశానికి వచ్చినప్పుడు ఒక్కొక్క ప్రాంతములో ఒక్కొక్క విధముగా ప్రయోగింపబడి గందరగోళమైనది. దానిని సరిదిద్ది 1951లో భారతీ బ్రెయిలీ అనే ఏకరూప లిపిని ఏర్పరచినారు. దాని సూత్రము సులభమైనది: ధ్వని ఒకటైతే చుక్కలు కూడ ఒకటే. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు, తమిళ ‘క’కు వేలి కింద తగిలేవి అవే రెండు చుక్కలు, ఒకటవది, మూడవది. నలువది ఏండ్ల తరువాత భారతీయ లిపులకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించినప్పుడు కూడ ఇదే విధముగా ధ్వనిని ఆధారము చేసుకొన్నారు. అందుచేతనే యూనికోడ్‌లో సరిగా టైపు చేసిన తెలుగు పాఠము ఎవరి చేతి శ్రమా లేకుండ బ్రెయిలీగా మారగలదు. కంప్యూటరుకు తగిలించే బ్రెయిలీ పలక మీద సన్నని సూదిమొనలు లేచి పడుతూ, పంక్తి తరువాత పంక్తిని వేలికి అందిస్తవి. పాత ఫాంటుతో కూర్చిన పాఠానికి ఈ భాగ్యము లేదు. 1951లో అంధుల బడులు సాధించుకొన్న క్రమము, అచ్చు కేంద్రాల చేతిలో చెదరిపోయినదని చెప్పవలసి ఉన్నది.

అక్షరాలు సరియైనంత మాత్రాన పని తీరదు. నేటి పాఠ్యపుస్తకపు పుట సంతలోని అంగడివలె ఉంటుంది. రెండు నిలువు వరుసలు, మధ్యలో ‘ఆలోచించండి’ అని ఒక రంగు పెట్టె, పక్కన ఒక బొమ్మ, దాని కింద చిన్న అక్షరాలలో ఒక మాట. కన్ను వీటిలో దేనిని ముందు చూడవలెనో తానే నిర్ణయించుకొంటుంది. చెవికి ఆ స్వేచ్ఛ లేదు. అది వరుసగా వినవలసినదే. ఏది శీర్షికయో, ఏది పేరాయో, పెట్టె ఎప్పుడు చదవవలెనో పుస్తకము లోపల గుర్తులు పెట్టకపోతే, న్యూటన్ నియమము సగములో ఆగి, పెట్టెలోని ప్రశ్న వినిపించి, మళ్ళీ నియమపు తోక వినిపిస్తుంది. ఈ గుర్తులు పెట్టే వీలు పి.డి.ఎఫ్.లో 2001 నుండి ఉన్నది. పెట్టే ఓపికయే కరువు.

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఇటీవలి సంవత్సరాలలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చినవి. ఇంగ్లీషు మాధ్యమములోనికి మారే పిల్లలకు అవి ఎంతో ఉపకరిస్తున్నవి. వాటి డిజిటల్ ప్రతిలో ఏ పుట ఏ భాషలో ఉన్నదో యంత్రానికి చెప్పే చిన్న గుర్తు ఉంటే, స్క్రీన్ రీడర్ పుట తిరుగగానే గొంతు మార్చుకొంటుంది. ఆ గుర్తు లేనప్పుడు ఇంగ్లీషు గొంతు తెలుగును దాటవేయటమో, తెలుగు గొంతు ఇంగ్లీషును విరిచి చదవటమో జరుగుతుంది.

విజ్ఞానశాస్త్రము, గణితముల దగ్గరకు వచ్చేసరికి చిక్కు ముదురుతుంది. ఎలక్ట్రాను ఆవేశము 1.6 × 10⁻¹⁹ కూలుములు. పైన చిన్నగా వేసిన ఘాతము ‘ఘాతము’ అని గుర్తు పెట్టకుండ ఉన్నదనుకొందాము. స్క్రీన్ రీడర్ దానిని ‘10–19’గా తీసుకొని ‘పది మైనస్ పంతొమ్మిది’ అని చదువుతుంది. అది విని లెక్క వేసిన విద్యార్థికి మైనస్ తొమ్మిది వస్తుంది. తప్పు అతనిదా? అట్లే భిన్నములో లవము ఎక్కడ ముగిసి హారము ఎక్కడ మొదలైనదో, వర్గమూలపు గుర్తు ఎన్ని పదాల మీద పరచుకొన్నదో చెవికి తెలియదు. ‘రూట్ ఎక్స్ ప్లస్ వన్’ అని వినిపిస్తే, మూలము ఎక్స్‌కు మాత్రమేనా, ఒకటితో కలిపి మొత్తానికా? రెండు అర్థాలకు రెండు వేర్వేరు జవాబులు. ఈ సందేహాన్ని తీర్చటానికి మ్యాథ్‌ఎమ్ఎల్ అనే సంకేత పద్ధతి 1998లోనే ఏర్పడినది. అందులో వ్రాసిన సమీకరణము లోపలికి విద్యార్థి మీటలతో ప్రవేశించి, లవమును ఒకసారి, హారమును ఒకసారి విడివిడిగా వినవచ్చును. కాని పాఠ్యపుస్తకాలలోని సమీకరణాలు చాలవరకు బొమ్మలుగానే అతికింపబడుతున్నవి. గణిత పాఠములో గణితము తప్ప తక్కినదంతా వినిపించే విచిత్రము దీని ఫలితము.

చూపు లేనివారికి సైన్సు పనికిరాదు, అందులో పటాలు, గ్రాఫులు ఉంటవి గదా అని చాల కాలము వాదించినారు. మచిలీపట్నము ప్రాంతములో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నా, ఇంటర్మీడియట్‌లో సైన్సు తీసుకొనటానికి అనుమతి దొరకలేదు. న్యాయస్థానానికి వెళ్ళి ఆ అనుమతిని సాధించుకొని, సైన్సు చదివి ఉత్తీర్ణుడై, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి చదివినారు. 2012లో పరిశ్రమను స్థాపించినారు. ఆయన జీవితము మీద 2024లో హిందీ చిత్రము కూడ వచ్చినది. చిత్రము చూచినవారు ఆయన పట్టుదలను మెచ్చుకొన్నారు, మెచ్చుకొనదగినదే. అయితే ఒక్కొక్క విద్యార్థి సైన్సు చదవటానికి అంత పట్టుదల ఎందుకు కావలసి వస్తున్నదనే ప్రశ్న ఆ మెప్పులో మరుగున పడిపోరాదు.

పటాలు చెవికి అందవన్న మాట పూర్తిగా నిజము కాదు. బొమ్మ వెనుక దాని వర్ణనను వ్రాసి పెట్టే వీలు ఉన్నది. చూచేవారికి అది కనిపించదు, స్క్రీన్ రీడర్‌కు వినిపిస్తుంది. చాల చోట్ల ఆ స్థానము ఖాళీగా ఉంటుంది, లేదా ‘పటము 4.2’ అని ఉంటుంది. ఎదుటనున్న మనిషి ఎవరని అడిగితే ‘మనిషి’ అని చెప్పినట్లు. మంచి వర్ణన వ్రాయటము ఉపాధ్యాయుని విద్యయే గాని యంత్ర విద్య కాదు. ఒక దూరము–కాలము గ్రాఫును తీసుకొని చూడవచ్చును. ‘అడ్డముగా కాలము, 0 నుండి 10 సెకండ్లు. నిలువుగా దూరము, 0 నుండి 40 మీటర్లు. గీత మూలబిందువు వద్ద మొదలై, 4 సెకండ్ల వద్ద 20 మీటర్లకు తిన్నగా ఎక్కుతుంది. 7 సెకండ్ల వరకు 20 మీటర్ల వద్దనే అడ్డముగా సాగుతుంది. అక్కడ నుండి తిన్నగా ఎక్కి 10 సెకండ్ల వద్ద 35 మీటర్లు చేరుతుంది.’ ఇది వినిన విద్యార్థి, మొదటి భాగములోను చివరి భాగములోను వేగము సెకండుకు 5 మీటర్లేనని తానే లెక్క వేయగలడు. చూపు ఉన్న విద్యార్థి రెండు గీతలు సమాంతరముగా ఉండటము చూచి దానినే గ్రహిస్తాడు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయము ఉన్నది. వర్ణన వ్రాసేవారు దయతో ‘మధ్యలో వస్తువు ఆగి ఉన్నది, చివరి వేగము మొదటి వేగానికి సమానము’ అని కూడ చేర్చినారంటే, అభ్యాసములోని ప్రశ్నకు జవాబు చెప్పివేసినట్లే. అప్పుడు ఆ విద్యార్థి చదివినది గ్రాఫు కాదు, గ్రాఫును గురించి మరొకరి అభిప్రాయము. కన్ను చూచే దానినంతా చెప్పవలెను. బుద్ధి చేయవలసిన పనిని బుద్ధికే వదలవలెను. దీని సరిహద్దు పాఠము చెప్పేవారికే తెలుస్తుంది. బొమ్మలను తానే వర్ణించే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు వచ్చినవి. అవి సాయపడవచ్చును గాని, విద్యార్థి ఏది తెలుసుకొనవలెనో, ఏది కనుగొనవలెనో వాటికి ఎవరూ చెప్పలేదు. ఇక పువ్వు నిలువుకోత, గుండెలోని గదులు వంటి వాటికి ఎంత మంచి మాటలైనా చాలవు. అక్కడ ఉబ్బెత్తు గీతల పటమో, మట్టితో చేసిన నమూనాయో చేతికి ఇవ్వవలసినదే.

వినికిడి లేని విద్యార్థుల సంగతి మరొక విధమైనది. వారికి పుట అందుతుంది; అందనిది వీడియో పాఠము. ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి చెప్పిన మాటలు పెదవుల కదలికను పట్టి కూడ తెలియవు. తెర అడుగున మాటలు వేస్తే కొంత మేలు. కాని పుట్టుకతో వినికిడి లేని పిల్లలలో చాలమందికి మొదటి భాష సంజ్ఞాభాషయే. తెలుగు వారికి కష్టపడి నేర్చిన రెండవ భాష. పాఠ్యపుస్తకాలను భారతీయ సంజ్ఞాభాషలోనికి తేవటానికి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2020 అక్టోబరులో ఒప్పందము చేసుకొన్నవి. రంగుల విషయము కూడ ఒక్క మాటలో చెప్పవచ్చును: ‘ఎర్ర గీతను, ఆకుపచ్చ గీతను పోల్చుము’ అనే ప్రశ్న వర్ణాంధత్వము గల బాలునికి ప్రశ్నయే కాదు. ఒక గీతను చుక్కలతో వేస్తే సరిపోతుంది.

చట్టాల కొరత లేదు. 2012లో గ్రంథస్వామ్య చట్టాన్ని సవరించి, వికలాంగులకు అందే రూపములోనికి ఏ పుస్తకాన్నైనా మార్చుకొనటానికి వీలు కలిగించినారు. అదే ఉద్దేశముతో 2013లో కుదిరిన మరకేష్ ఒడంబడికను ప్రపంచములో అన్ని దేశాల కంటె ముందు 2014లో ధ్రువీకరించినది భారతదేశమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 42వ విభాగము, శ్రవ్య, ముద్రిత, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమస్త విషయము అందుబాటు రూపములో ఉండేటట్లు ప్రభుత్వాలు చర్యలు తీసుకొనవలెనని చెప్పుచున్నది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు డిజిటల్ పాఠాలు ఎట్లా తయారు చేయవలెనో కేంద్ర విద్యాశాఖ 2021 జూనులో మార్గదర్శకాలు ప్రకటించినది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల వలె ఉంటే చాలదనీ, తప్పనిసరి నియమాలు కావలెననీ తీర్పు చెప్పినది. 2025 ఏప్రిల్‌లో డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమేనని మరొక తీర్పులో స్పష్టము చేసినది.

ఈ ఏర్పాట్లలో ఎక్కువ భాగము పుస్తకము తయారైన తరువాతి సంగతి చూచుకొంటున్నవి. పుస్తకము మొదట కంటి కోసము తయారవుతుంది. పిదప స్వచ్ఛంద సంస్థలు దానిని స్కాను చేసి, అక్షరాలను యంత్రముతో గుర్తింపజేసి, తప్పులు దిద్ది, వినదగిన పుస్తకముగా మార్చుతవి. 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయము అనే ఆన్‌లైన్ గ్రంథాలయము ఇటువంటి పుస్తకాలను ఒక చోట చేర్చినది. అది ఎంతో విలువైన సేవ. కాని ఈ మార్గములోని వ్యర్థ శ్రమను చూడవలెను. పాఠము వ్రాసిన ఉపాధ్యాయుడు దానిని నేడు సాధారణముగా యూనికోడ్‌లోనే టైపు చేస్తాడు. అచ్చు కేంద్రములో దానిని పాత ఫాంటులోనికి మార్చి, సంఖ్యలను చెరిపివేస్తారు. ఆ చెరిపిన సంఖ్యలనే స్వచ్ఛంద సేవకులు ‘ప’కు, ‘వ’కు, ‘ష’కు తేడా తెలియని యంత్రముతో కుస్తీ పట్టి తిరిగి సంపాదిస్తారు. ఒత్తులు జారిపోయిన చోట్ల మళ్ళీ కూర్చుతారు. ఈ లోపల తరగతిలో పాఠము ముందుకు పోతుంది. మొదటి ప్రతిని చెరపకుండ దాచి ఉంచి, అచ్చుపుస్తకముతోపాటు ఇ-పబ్ రూపములో విడుదల చేస్తే ఈ శ్రమలో ముప్పాతిక తప్పుతుంది. ఇది ధనము లేక ఆగిన పని కాదు. పుస్తకాన్ని అచ్చుకు ఇచ్చే ఒడంబడికలో ఒక షరతు లేక ఆగిన పని.

ఒక పుస్తకము ఏ జాతిదో కనుగొనటానికి నిపుణులు అక్కరలేదు. తెర మీద ఒక పంక్తిని ఎంచుకొని, ప్రతి తీసి, ఫోనులో ఒక సందేశముగా అతికించి చూడవచ్చును. తెలుగు తెలుగుగానే వస్తే పాఠము సజీవముగా ఉన్నట్లు. గజిబిజి వస్తే పాత ఫాంటు. ఏదీ ఎంచుకొనటానికే వీలు కాకపోతే అది ఫోటో. పదవ తరగతి విద్యార్థులు తమ పుస్తకాలన్నిటినీ ఒక మధ్యాహ్నములో ఈ విధముగా పరీక్షించి పట్టిక వేయగలరు. భౌతికశాస్త్ర ప్రయోగము కంటె ఇది కష్టము కాదు, పరికరాల ఖర్చు లేదు.

ఈ పరీక్షకు నిలువని సామగ్రి పాఠ్యపుస్తకాలలోనే కాదు, బడిలోనే ప్రతి దినము తయారవుతున్నది. నల్లబల్ల మీద వ్రాసిన ఇంటిపనిని ఫోటో తీసి విద్యార్థుల బృందానికి పంపటము ఇప్పుడు సర్వసాధారణము. నలువదిమంది విద్యార్థులు దానిని చూచుకొని లెక్కలు చేస్తారు. నలువది ఒకటవ విద్యార్థి ఫోను ‘చిత్రము’ అని ఒక్క మాట చెప్పి ఊరుకొంటుంది. ఆ ఐదు ప్రశ్నలను ఫోనులో నోటితో చెప్పి టైపు చేయించటానికి రెండు నిమిషాలు పట్టవచ్చును.